ఇథనాల్‌కు ధర ఖాయం. మొక్కజొన్న రైతుకూ పాడి రైతుకూ ఏదీ భరోసా?

సంపాదకులు గారికి నమస్కారం.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కు ముందుకు జరపడం, దాన్ని 2025లోనే అందుకోవడం గురించి పత్రికల్లో ఎన్నో కథనాలు వచ్చాయి. విదేశీ మారకద్రవ్యం ఎంత మిగిలింది, బండ్ల ఇంజన్లకు ఏమవుతుంది, మైలేజీ ఎంత తగ్గుతుంది అన్న చర్చ కూడా బాగానే సాగింది. అయితే ఆ ఇథనాల్‌లో పెద్ద వాటా ఇప్పుడు మొక్కజొన్న నుంచి వస్తోందనీ, మన కోళ్ల దాణాకూ పశువుల దాణాకూ కూడా ఆ గింజే ఆధారమనీ, ఈ రెండు అవసరాల మధ్య పంట పండించే రైతూ పాడి రైతూ ఇద్దరూ నలుగుతున్నారనీ చెప్పే మాట మాత్రం తక్కువగా వినిపించింది. నేను పశువైద్యుడిగా పనిచేసి విరమించినవాడిని. మొక్కజొన్న రెండో పంటగా విస్తారంగా సాగయ్యే కృష్ణా పశ్చిమ డెల్టాలో మా ఊరు. మా కుటుంబానికి ఆ పంటా ఉంది, పాడీ ఉంది. అందుకే ఈ విషయాన్ని మీ పాఠకుల ముందు కాస్త వివరంగా పెట్టాలనుకుంటున్నాను.

2013-14లో పెట్రోలులో ఇథనాల్ వాటా ఒకటిన్నర శాతం మాత్రమే. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం తర్వాత పథకం వేగం అందుకుంది. అప్పట్లో దాదాపు ఇథనాల్ అంతా చెరకు నుంచే వచ్చేది. 2021 నుంచి ధాన్యంతో ఇథనాల్ తీసే డిస్టిలరీలకు కూడా వడ్డీ రాయితీ వర్తింపజేశారు. ఫ్యాక్టరీ కోసం తెచ్చిన అప్పు మీద ఏడాదికి 6 శాతం గానీ, బ్యాంకు వడ్డీలో సగం గానీ, ఏది తక్కువైతే అది కేంద్రం భరిస్తుంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ మీద జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి దించారు. వీటన్నిటికంటే పెద్ద అండ కొనుగోలు భరోసా. చమురు సంస్థలు ముందుగా ప్రకటించిన ధరకే సరుకు తీసుకుంటాయి. 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్ ధరను లీటరుకు రూ.5.79 పెంచి రూ.71.86 చేశారు. అప్పటికి చెరకు రసం నుంచి తీసిన ఇథనాల్‌కు ఇస్తున్నది రూ.65.61. ఏ గింజ వైపు ఫ్యాక్టరీలు మళ్లాలని ప్రభుత్వం కోరుకుందో ఈ తేడాలోనే తెలుస్తుంది, అలాగే మళ్లాయి కూడా. 2025-26 సరఫరా సంవత్సరానికి చమురు సంస్థలు 1,050 కోట్ల లీటర్లు కావాలంటే తయారీదారులు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామని ముందుకొచ్చారు. కేటాయించిన దాంట్లో దాదాపు 46 శాతం మొక్కజొన్న ఇథనాలే. టన్ను గింజలకు సుమారు 380 లీటర్లు వస్తుందన్న లెక్కన చూస్తే, దీనికి కోటీ 25 లక్షల టన్నుల మొక్కజొన్న కావాలి. దేశమంతా కలిపి పండేది 4 కోట్ల టన్నులకు కాస్త పైన. అంటే పావు వంతుకు మించిన పంట, కొద్ది సంవత్సరాల కిందటి వరకు దాణా మిల్లులకూ పిండి మిల్లులకూ ఎగుమతికీ పోయిన పంట, ఇప్పుడు ఇంధనానికి పోతోందన్నమాట.

దీనివల్ల మొదట రైతుకు మేలే జరిగింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2024లో మద్దతు ధర క్వింటాలుకు రూ.2,225 ఉండగా చాలా మార్కెట్లలో అంతకంటే ఎక్కువే పలికింది. మొక్కజొన్నకు మద్దతు ధర దాటిన రేటు దొరకడం ఎంత అరుదో ఈ పంట వేసినవాళ్లకు తెలుసు. మా డెల్టాలో వరి కోసిన మాగాణిలో ఒకప్పుడు మినుము చల్లేవాళ్లం. పల్లాకు తెగులు, బంగారు తీగ కలిసి మినుమును దెబ్బతీశాక, దుక్కి దున్నకుండా వరి మోళ్ల మధ్యనే గుంత చేసి మొక్కజొన్న గింజ పెట్టే పద్ధతి వచ్చింది. దిగుబడి బాగా ఉండటంతో అది స్థిరపడింది. ఇథనాల్ గిరాకీ తోడయ్యేసరికి, ఇంకా మినుముకూ పిల్లిపెసరకూ జనుముకూ మిగిలి ఉన్న మడులు కూడా అటే తిరిగాయి. ధర పెరిగిందని తెలియగానే భూమి యజమానులు రెండో పంట కౌలు పెంచారు. మా ప్రాంతంలో సాగు చేసేవాళ్లలో కౌలు రైతులే ఎక్కువ. పెరిగిన ధరలో పెద్ద భాగం కౌలు రూపంలోనే వారి చేతి నుంచి జారిపోయింది. మొక్కజొన్న నత్రజనిని విపరీతంగా తీసుకునే పంట కనుక యూరియా ఖర్చు కూడా పెరిగింది. 2025 వానాకాలంలో యూరియా బస్తా కోసం రైతులు వరుసల్లో నిలబడ్డ దృశ్యాలు మీ పాఠకులు మరచిపోయి ఉండరు.

ఆ తర్వాత జరిగినది చూడండి. 2025-26కు మద్దతు ధరను రూ.2,400 చేశారు. సాగు పెరిగింది, పంట బాగా పండింది. 2025 అక్టోబరు, నవంబరు నెలల్లో పొరుగున ఉన్న కర్ణాటకలోనూ, తెలంగాణలోని పలు మార్కెట్లలోనూ క్వింటాలు రూ.2,000 లోపుకు పడిపోయింది. కర్ణాటకలో రూ.1,600 నుంచి రూ.1,800 మధ్య పలుకుతోందని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రే ప్రధానికి లేఖ రాయవలసి వచ్చింది. ఎకరాకు 25 క్వింటాళ్లు పండించిన రైతు రూ.1,700 చొప్పున అమ్ముకుంటే మద్దతు ధరతో పోల్చినప్పుడు పోగొట్టుకున్నది రూ.17,500. పంట మీద మిగలవలసిన లాభం కంటే ఇది చాలామందికి ఎక్కువే. తెలంగాణలో మార్క్‌ఫెడ్ కేంద్రాలు తెరిచింది నిజమే. కానీ తేమ 14 శాతం దాటకూడదన్న నిబంధన, ఎకరాకు ఇన్ని క్వింటాళ్లే కొంటామన్న పరిమితి, మబ్బు పట్టిన ఆకాశం కింద రోడ్ల మీద గింజలు ఆరబోసుకుని పరదాలు కప్పుతూ తీస్తూ రోజులు గడపడం భరించలేక ఎంతోమంది వచ్చిన రేటుకు వ్యాపారి కాంటా మీదే పోశారు.

ధర ఎందుకు పడింది? పంట పెరగడం ఒక కారణం. రెండో కారణం ప్రభుత్వ గోదాముల్లోనే ఉంది. 2023 జూలైలో భారత ఆహార సంస్థ నుంచి డిస్టిలరీలకు బియ్యం ఆపేశారు. అప్పుడు ఫ్యాక్టరీలన్నీ మొక్కజొన్న మీద పడ్డాయి, ధర లేచింది. తర్వాత బియ్యం నిల్వలు పేరుకుపోయాయని మళ్లీ విడుదల చేశారు. 2025 జనవరిలో ఆ బియ్యం ధరను క్వింటాలుకు రూ.2,800 నుంచి రూ.2,250కి తగ్గించారు. ఆ బియ్యాన్ని సేకరించి, మర పట్టించి, నిల్వ చేయడానికి ప్రజాధనం అంతకంటే ఎంతో ఎక్కువ ఖర్చయింది. మొక్కజొన్న మద్దతు ధర రూ.2,400 అని ప్రకటించిన ప్రభుత్వమే, అదే ఫ్యాక్టరీ గేటు ముందు బియ్యాన్ని రూ.2,250కి నిలబెడితే, రైతు గింజకు రూ.2,400 ఎవరిస్తారు? ఒక్క క్వింటాలు మొక్కజొన్న నుంచి వచ్చే 38 లీటర్లకు చమురు సంస్థలు చెల్లించేది సుమారు రూ.2,730. పైగా 30 కిలోల దాకా ఎండు పిప్పి వస్తుంది, దాన్ని దాణాగా అమ్ముకుంటారు. గింజ రూ.2,400కు కొంటే ఫ్యాక్టరీకి మిగిలేది తక్కువే, వాళ్ల ఖర్చులు వాళ్లకుంటాయి, కాదనను. గింజ రూ.1,700కు దొరికినప్పుడు మాత్రం ఇథనాల్ ధర పైసా తగ్గదు. మద్దతు ధర ఇవ్వగలగాలనే ఉద్దేశంతో పెంచిన రూ.71.86లో రైతు వాటా రైతుకు చేరిందా లేదా అని అడిగే నిబంధన ఏదీ లేదు. నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ అనే జాతీయ సహకార సంస్థలు రైతుల దగ్గర మద్దతు ధరకు కొని డిస్టిలరీలకు అందించేలా 2024లో ఒక పథకం ప్రకటించారు. మా ప్రాంతంలో ఏ కళ్లంలోనూ దాని జాడ నేను చూడలేదు.

ఇక దాణా సంగతి. 2024లో ధర పెరిగినప్పుడు మొదట గోల పెట్టింది కోళ్ల పరిశ్రమ. కోడి దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే కనుక అది సహజం. వారికి సంఘాలున్నాయి, ఢిల్లీ దాకా మాట వినిపించే దారి ఉంది. 50 శాతం సుంకం ఉన్న చోట, ఆ ఏడాది జూన్‌లో దాదాపు 5 లక్షల టన్నులను 15 శాతం సుంకంతో దిగుమతి చేసుకునే వీలు కల్పించారు. బంగ్లాదేశ్‌కూ వియత్నాంకూ ఎగుమతి చేసిన దేశం మయన్మార్ నుంచీ ఉక్రెయిన్ నుంచీ తెచ్చుకునే స్థితికి వచ్చింది. రెండు గేదెలు పెట్టుకుని తెల్లవారుజామునే పాల కేంద్రానికి వెళ్లే మహిళకు అలాంటి సంఘం లేదు. ఆమె మొక్కజొన్నను మొక్కజొన్నగా కొనదు. దాణా బస్తా రేటు పెరిగిందని మాత్రమే ఆమెకు తెలుస్తుంది. దాంతోపాటే తవుడూ చెక్కా పెరుగుతాయి, ఒకటి ప్రియమైతే అందరూ మిగిలిన వాటి మీద పడతారు కనుక.

లెక్క వేసి చూద్దాం. పూటకు నాలుగు లీటర్ల చొప్పున రోజుకు 8 లీటర్లు ఇచ్చే ముర్రా గేదెకు ఒళ్లు నిలవడానికి కిలోన్నర, పాల కోసం లీటరుకు అరకిలో చొప్పున మరో నాలుగు కిలోలు, మొత్తం ఐదున్నర కిలోల దాణా పెట్టాలి. దాణా కిలోకు నాలుగు రూపాయలు పెరిగితే రోజుకు రూ.22. లీటరుకు రూ.2.75 అదనపు ఖర్చు. పాల కేంద్రం వెన్న శాతం చూసి ధర కడుతుందే గానీ దాణా ధర చూసి కట్టదు. అప్పుడు ఆ ఇల్లాలు చేసే మొదటి పని దాణా తగ్గించడం. పాలు తగ్గుతాయి, వెన్న శాతం పడిపోతుంది, గేదె సకాలంలో ఎదకు రాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూలు నిలవడం లేదని నా దగ్గరకు తెచ్చిన పశువుల్లో చాలావాటికి ఉన్నది రోగం కాదు, మేతలో లోటు. తర్వాతి మెట్టు, వట్టిపోయిన గేదెను మేపలేక సంతకు తోలడం. ఆ తర్వాతిది పెయ్య దూడను పెంచకుండా వదిలేయడం. ఇందాక చెప్పిన పిల్లిపెసర, జనుము మడులు ఉండి ఉంటే పచ్చిమేత కొంత ఆదుకునేది. ఆ మడుల్లో ఇప్పుడు ఉన్నది మొక్కజొన్న. గింజ ముదిరి కోసేసరికి దాని చొప్ప బెరడు కట్టి, పశువు ఇష్టంగా తినదు. ఎక్కువ మంది దాన్ని అక్కడే తగలబెడుతున్నారు లేదా దున్నేస్తున్నారు.

ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమని నాకు తోచేది కాలం లెక్క. మొక్కజొన్న నాలుగు నెలల పంట. ధర చూసి ఈ ఏడు వేసి, వచ్చే ఏడు మానుకోవచ్చు. గేదె పెయ్య పుట్టిన నాటి నుంచి తొలి ఈతకు రావడానికి మన దగ్గర మూడున్నర ఏళ్ల వరకు పడుతుంది. ఒక్క ఏడాది దాణా ధరలు మండి జనం పశువుల్ని అమ్ముకుంటే, మరుసటి ఏడాది ధరలు సగానికి పడినా ఆ పశువులు కొట్టంలోకి తిరిగి రావు. ధరలు ఎగసిపడుతూ ఉంటే పంట రైతు ఒక పంట నష్టపోతాడు, పాడి రైతు మందనే పోగొట్టుకుంటాడు.

అమెరికా ఈ దారిలో మనకంటే చాలా ముందు నడిచింది కనుక అక్కడ ఏం జరిగిందో చూడటం మంచిది. ఇథనాల్‌కు పన్ను మినహాయింపు అక్కడ 1978లోనే మొదలైంది. 2005లోనూ 2007లోనూ చేసిన చట్టాలతో పెట్రోలులో ఇంత జీవ ఇంధనం కలపాల్సిందేనన్న నిబంధన వచ్చింది. గ్యాలన్‌కు 45 సెంట్ల పన్ను రాయితీ 2011 చివరిలో ముగిసినా ఆ నిబంధన కొనసాగింది. 2005-06లో బుషెల్, అంటే దాదాపు 25 కిలోల మొక్కజొన్న, రెండు డాలర్లు. 2012 కరవులో ఎనిమిది డాలర్లు దాటింది. ఆ ఏడాది పంటలో పెద్ద భాగం ఎండిపోతున్నా ఇథనాల్‌కు పోవలసిన వాటా మాత్రం చట్టప్రకారం పోవలసిందే. కొంతకాలం ఆ నిబంధన సడలించమని పశుపాలకులూ, కొన్ని రాష్ట్రాల గవర్నర్లూ కోరితే అక్కడి పర్యావరణ సంస్థ 2012 నవంబరులో నిరాకరించింది. ఆవుల్ని గడ్డి మైదానాల్లో మేపి దూడల్ని అమ్మే పశుపాలకుడు మొక్కజొన్న దాదాపు కొననే కొనడు. అయినా దెబ్బ అతనికీ తగిలింది, ఎందుకంటే ఆ దూడల్ని కొని గింజ మీద లావు చేసే ఫీడ్‌లాట్ యజమాని, గింజ ప్రియమైనప్పుడు ఆ భారాన్ని దూడ ధరలో కోసేస్తాడు. 2014 జనవరి నాటికి అక్కడి పశుసంఖ్య 1951 తర్వాత అత్యల్పానికి చేరింది. టెక్సాస్‌ను 2011లో పట్టిన కరవు అందుకు పెద్ద కారణం, తప్పంతా ఇథనాల్ మీద వేయడం న్యాయం కాదు. కానీ కరవులో చిక్కుకున్న పశుపాలకుడికి గింజ మరింత ప్రియం కావడంలో ఆ నిబంధనకూ వాటా ఉంది.

పంట రైతు అయినా శాశ్వతంగా బాగుపడ్డాడా అంటే, అదీ లేదు. డకోటా రాష్ట్రాల్లో గడ్డి భూములను దున్ని మొక్కజొన్న, సోయా వేశారు. అయోవాలో భూముల ధరలూ కౌళ్లూ ఆకాశాన్ని అంటాయి. 2014 కల్లా గింజ ధర నాలుగు డాలర్ల లోపుకు దిగింది. 2013 నుంచి 2016 మధ్య ఆ దేశ వ్యవసాయ నికరాదాయం దాదాపు సగమైంది. పెరిగిన కౌళ్లు మాత్రం అంత త్వరగా దిగలేదు. మా డెల్టా కౌలు రైతుకు ఈ కథ కొత్తగా అనిపించదు.

ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి పశువులకు తిరిగి దాణాగా వస్తుంది కదా, నష్టమేమిటి అని ఫ్యాక్టరీల తరఫువారు అంటారు. ఇందులో నిజం ఉంది. గింజలోని పిండి పదార్థం పోగా మాంసకృత్తులూ కొవ్వూ పీచూ దాదాపు మూడింతలు చిక్కబడతాయి. డీడీజీఎస్ అని బస్తాల మీద కనిపించే ఈ పిప్పి సరైనదైతే మంచి మేతే. అమెరికాలో కూడా ఫ్యాక్టరీల పక్కనున్న నెబ్రాస్కా ఫీడ్‌లాట్లు తడి పిప్పిని చవకగా తెచ్చుకుని లాభపడ్డాయి, దూరాన ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు దొరకలేదు. మన ఎండల్లో తడి పిప్పి రెండు మూడు రోజులు దాటితే పులిసి బూజు పడుతుంది. ఎండు పిప్పి విషయంలో నాకున్న భయం వేరు. మాంసకృత్తులు మూడింతలైనట్టే, బూజు పట్టిన గింజలోని అఫ్లాటాక్సిన్ విషం కూడా మూడింతలవుతుంది. డిస్టిలరీ వేడికి అది నశించదు. దాన్ని తిన్న గేదె కాలేయం దెబ్బతినడమే కాక ఆ విషం ఎం1 రూపంలో పాలలోకి దిగుతుంది. పాలలో అది కిలోకు 0.5 మైక్రోగ్రాములు మించకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. రోడ్డు మీద వానకు తడిసి, బూజు వాసన పట్టి, దాణా మిల్లు తిప్పి పంపిన గింజ ఎక్కడికి పోతుందో ఆలోచిస్తే నా భయం అర్థమవుతుంది. మా వీధిలో ఒక రైతు తెచ్చిన బస్తా విప్పి చూశాను. లేత బంగారు రంగులో ఉండవలసిన పొడి కాఫీ గింజల రంగులో ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడు వాసన. ఎక్కువ వేడికి మాడిన మాంసకృత్తులు పశువుకు అరగవు. ఎంత మాంసకృత్తి ఉందో బస్తా మీద అచ్చు వేశారు, అఫ్లాటాక్సిన్ పరీక్ష జరిగిందో లేదో ఎక్కడా లేదు. ఇంకొక మాట. ఈ చవక పిప్పి మార్కెట్‌లోకి వచ్చాక సోయా చెక్కకు గిరాకీ తగ్గింది, ఆదిలాబాద్, నిజామాబాద్ వంటి జిల్లాల సోయా రైతు ఆ భారాన్ని మోస్తున్నాడు.

ఇథనాల్ వద్దని నేను అనడం లేదు. మొక్కజొన్నకు మరో కొనుగోలుదారు రావడం రైతుకు అవసరం. రాయితీ పొందే ఫ్యాక్టరీ మీద బాధ్యత కూడా ఉండాలని అంటున్నాను. రూ.71.86 పూర్తి ధర కావాలంటే, గింజకు మద్దతు ధర చెల్లించినట్టు రైతు బ్యాంకు ఖాతా రసీదులు చూపాలి. చూపలేని మేరకు ఇథనాల్ ధరను తగ్గించి ఆ మొత్తాన్ని మార్క్‌ఫెడ్ కొనుగోళ్లకు మళ్లించాలి. మొక్కజొన్న మద్దతు ధరకంటే తక్కువకు పడిపోయిన నెలల్లో డిస్టిలరీలకు చవక బియ్యం విడుదల ఆపాలి. దాణా ధర ఒక హద్దు దాటినప్పుడు ఇందుకు విరుద్ధంగా, మొక్కజొన్న కేటాయింపును తగ్గించి బియ్యం వదలాలి. ఇది కుదరదని ఎవరూ అనలేరు. పంచదార ధర పెరుగుతుందన్న ఆందోళనతో 2023 డిసెంబరులో చెరకు రసం నుంచి ఇథనాల్ తీయడాన్ని కేంద్రం రాత్రికి రాత్రి కట్టడి చేసింది. పంచదార కొనుక్కునేవారి కోసం తిప్పగలిగిన మరను దాణా కొనుక్కునేవారి కోసమూ తిప్పవచ్చు. డీడీజీఎస్ ప్రతి బస్తా మీద అఫ్లాటాక్సిన్ పరీక్ష ఫలితం, తయారైన తేదీ తప్పనిసరి చేయాలి. జిల్లా స్థాయి పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలల్లో రైతు తెచ్చిన నమూనాను ఉచితంగా పరీక్షించే ఏర్పాటు ఉండాలి.

వీటిలో ఏది చేసినా చెప్పవలసిన సమయం ఒకటుంది. డెల్టాలో వరి కోతలు నవంబరులో మొదలవుతాయి, మొక్కజొన్న గింజ పెట్టడం డిసెంబరులో, జనవరి మొదట్లో జరుగుతుంది, రెండో పంట కౌలు అంతకు ముందే మాట్లాడుకుంటారు. రాబోయే ఏడాదికి మొక్కజొన్న ఇథనాల్ ఎంత కొంటారు, డిస్టిలరీలకు బియ్యం ఎంత, ఏ ధరకు వదులుతారు అన్నది కేంద్రం ఏటా అక్టోబరు నెలాఖరులోగా ప్రకటించి, ఆ పంట అమ్ముడయ్యే మే నెల దాకా మార్చకుండా ఉండాలని, ఇందుకోసం రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ, పశుసంవర్ధక శాఖలు కలిసి కేంద్రాన్ని అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక పశువైద్యుడు,
బాపట్ల జిల్లా.